కుర్చీ ఓటు

గోపాలపట్నం, విశాఖపట్నం
డిసెంబరు 3

సుల్తానా గారికి,

నమస్కారం. ఏప్రిల్‌లో మీరు వచ్చి వెళ్లాక నేను ఉత్తరం రాయలేదు. ఏది రాసినా అనూరాధ పోయిందన్న మాటతోనే మొదలుపెట్టాలి కాబట్టి రాయలేదు. ఇప్పుడు ఆ మాట రాసేశాను. ఇక మిగతాది రాయగలను.

ముందు ఫోనే చేశాను. మీ అక్కగారి అమ్మాయి ఖుష్నుమా ఎత్తింది. ఖాలాకు ఇప్పుడు ఫోన్‌లో మాట అసలు వినపడడం లేదు, ఉత్తరం రాయండి అంకుల్, పోస్టుమాన్ కూడా సంతోషిస్తాడు అంది. ఆ అమ్మాయికి మాటలో మీ పోలికే వచ్చింది.

విషయం ఇది. మొన్న పైడయ్య ఇంటికి వచ్చాడు. మీ ఇద్దరి దగ్గరా చదివినవాడు, చేపలమ్మే పాపాయమ్మ కొడుకు. ఇప్పుడు అదే కాలేజీలో అనూరాధ చెప్పిన పాఠాలే చెబుతున్నాడు. కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు నీళ్ల గ్లాసు తిప్పాడు. తర్వాత చెప్పాడు.

“ఈ ఏడుతో హిస్టరీ గ్రూపు ఎత్తేస్తన్నారండి సార్. పిల్లలు సేరట్లేదు. ఆఖరిసారి మేడమ్ గారి సెనేటు పెడదామనుకుంటన్నాం. కుర్చీలో మీరు కూకోవాల.”

“నేను ఇంజనీర్ని. అమెరికా చరిత్ర నాకేం తెలుసు?”

“కూకోడానికి ఏటి తెలవాలండి? కూకోడమే.”

అని తనే నవ్వాడు. తర్వాత ఆ సెనేటు ఎలా జరిగేదో నాకు వివరించాడు. మీరు ప్రతి ఏడూ చూసిందే. అయినా నేను విన్నట్టు రాస్తాను. ఎందుకంటే ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఫిబ్రవరిలో ఒక రోజు తరగతి గది అమెరికా సెనేటు అవుతుంది. సంవత్సరం 1899. స్పెయిన్ మీద యుద్ధం గెలిచి అమెరికా ఫిలిప్పీన్స్ దీవులను చేతిలోకి తీసుకుంది. మా దేశం మాది అని అక్కడివాళ్లు అంటున్నారు. వాళ్లకు ముందుముందు స్వాతంత్ర్యం ఇస్తామని ఇప్పుడే మాట ఇవ్వాలా వద్దా అన్నది తీర్మానం. ఇవ్వాలన్నవాళ్లు కిటికీ వైపు, వద్దన్నవాళ్లు తలుపు వైపు. కాని ముందుగా అనూరాధ ఎవరి అభిప్రాయం ఏమిటో చేతులెత్తించి, ఎవరికి నచ్చని పక్షం తరఫున వాళ్ల చేతే మాట్లాడించేదట. అందరూ మాట్లాడాక మళ్లీ మనసు చెప్పిన వైపు వెళ్లి నిలబడాలి. రెండు వైపులా సమానమైతే కుర్చీలో ఉన్నవాళ్లు ఓటు వేయాలి.

కూర్చుంటానని చెప్పాను. అతను వెళ్లాక ఒక సంగతి తోచింది. సమానం వస్తే నేను ఏం చేయాలి? అనూరాధ ఎటు వేసేది? నిన్న పైడయ్యను కలిసి అడిగితే తల వంచుకుని సుల్తానా మేడమ్‌ని అడగండి అన్నాడు. ఆమె కుర్చీలో కూర్చుంటే ఆమె వేసినట్టే వేయాలి. అది ఒక్కటి తెలిస్తే చాలు.

దుర్గారావు

*

గుంటూరు
డిసెంబరు 14

అన్నయ్యగారికి,

ఆదాబ్. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఇంత పొడవు ఉత్తరం రాయగలరని అను నాతో ఎప్పుడూ చెప్పలేదు. పెళ్లికి ముందు మీరు రాసినవన్నీ టెలిగ్రాముల్లా ఉండేవనేది. ‘క్షేమం. వర్షం. బుధవారం వస్తాను.’ ఇది ఆమె చూసి ఉంటే ఫ్రేము కట్టించేది.

నా చెవులు పూర్తిగా రాజీనామా ఇచ్చాయి. ఖుష్నుమా నా మొహం ముందుకు వచ్చి పెదాలు పెద్దగా కదిపి మాట్లాడుతుంది. నాకు చేపను చూస్తున్నట్టు ఉంటుంది. మాట లేని ఇల్లు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకున్నందుకు సంతోషం. మద్దిలపాలెం డిపోలో బస్సు దిగి, ఎండలో నడిచి, ఆ మెట్లెక్కేటప్పుడు అను ఏం మోసుకొచ్చేదో మీకు తెలుసా? చుట్టిన పటం ఒకటి, అరటిపళ్ల అత్తం ఒకటి. ఫిలిప్పీన్స్‌లో ఏముంది మేడమ్ అని ఎవడో ఒకడు అడగకపోడు. ‘అరటిపళ్లు ఉన్నాయి, తిను, తిన్నాక వాళ్లెవరో ఆలోచించు’ అనేది. మా పాతనగరంలో మా అబ్బాజాన్ దుకాణం పక్కనుంచే తెప్పించేవాళ్లం. ఆ పళ్ల వాసన, సుద్దముక్క వాసన, కిందనుంచి బస్సుల హారన్లు. నాకు ఫిబ్రవరి అంటే ఇప్పటికీ అదే.

ఆమె పాఠమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేది. పాలల్లో కల్తీ ఉండకూడదని, పసిపిల్లలు మిల్లుల్లో పని చేయకూడదని, ఆడవాళ్లకు ఓటు ఉండాలని పోరాడిన తరం కదా అది. మంచివాళ్లే. మరి వాళ్లలో అంతమంది ఇంకొకళ్ల దేశాన్ని చేతిలో పెట్టుకుని ఎలా నిద్రపోయారు? పిల్లలు జవాబు చెప్పేవాళ్లు. ఆమె ‘ఊఁ, ఇంకా?’ అనేది. అంతే.

ఎటు వేసేదన్న సంగతి నేను చెప్పను. ముందు ఆ ఏళ్ల గురించి ఆమె పుస్తకాలు చదవండి. చదివాక మీకే తెలియవచ్చు. సరిగ్గా తింటున్నారా?

సుల్తానా

*

గోపాలపట్నం
జనవరి 4

సుల్తానా గారికి,

చదివాను. ఆమె అలమరలో రెండో అరలోనివి మొత్తం చదివాను. పక్కల్లో పెన్సిల్ గీతలున్నాయి. గీత ఉన్నచోట ఆగి, ఎందుకు గీసిందా అని చూస్తున్నాను. అలా ఒక్కో పేజీకి చాలాసేపు పడుతోంది. నాకు తొందర లేదు.

యుద్ధం అయ్యాక స్పెయిన్‌తో చేసుకున్న ఒప్పందం సెనేటు ముందుకు వచ్చింది. ఓటుకు రెండు రోజుల ముందే మనీలాలో కాల్పులు మొదలయ్యాయి. ఒప్పందం యాభై ఏడు, ఇరవై ఏడుతో నెగ్గింది. మరుసటి వారం స్వాతంత్ర్యం మాట ఇచ్చే తీర్మానం వచ్చింది. ఇరవై తొమ్మిది, ఇరవై తొమ్మిది. కుర్చీలో ఉన్న ఉపాధ్యక్షుడు వద్దని వేశాడు. ఆ తర్వాత యుద్ధం ఏళ్ల తరబడి సాగింది. ఆ తీర్మానం నెగ్గి ఉంటే ఆగేదని కాదు. అయినా ఆ పేజీ దగ్గర నేను ఆగాను. అక్కడ గీత లేదు. ఆ పేజీ అంచు మాత్రం నలిగి మెత్తబడి ఉంది.

నాకింకా తెలియలేదు. ఎటు వేసేది?

ఇంకొకటి. ఆ సెనేటు కోసం మా ఉక్కు ప్లాంటులో, చెక్క అచ్చులు చేసే ప్యాటర్న్ షాపులో నేనొక చిన్న సుత్తి చేయించి ఇచ్చాను, టేకు ముక్కతో. అధ్యక్షులు బల్ల మీద కొట్టేలాంటిది. ఆ వ్యవహారంలో నా పాత్ర అంతే. ఇల్లంతా వెతికాను, కనపడలేదు. మీకేమైనా తెలుసా?

తింటున్నానా అని అడిగారు. నిన్న పాపాయమ్మ కూడా అదే అడిగింది. హార్బరులో చేపలు ఎత్తుకుని గోపాలపట్నం మార్కెట్టుకి వచ్చి, ముందు మా గుమ్మంలోనే తట్ట దించుతుంది. నేను వద్దంటే తట్ట ఎత్తలేదు.

“ఏటి బాబూ, మేడమ్ గారు పోయారని సేపలు కూడా మానేసినావా?”

“వండడం రాదు పాపాయమ్మా.”

“ఇనుం కరిగించడం వొచ్చు గానీ పులుసెట్టడం రాదా? ప్లాంటోడివి మరి.”

అని తనే లోపలికి వచ్చి పులుసు పెట్టింది. చింతపండు పిసుకుతుంటే సెనేటు సంగతి చెప్పి, మేడమ్ ఓటు గురించి పైడయ్య ఎప్పుడైనా ఇంట్లో అన్నాడా అని అడిగాను.

“ఓట్లేటో నాకు తెలీదు గానీ, మావోడు ఓసారి కలాసులో మేడమ్ గార్ని పనసచెట్టు గురించి అడిగేసినాడంట. ఇంటికొచ్చి అన్నం తిన్నేదు. సంగతి తెలిసి నాను సీపురు తీసినాను.”

“ఏ పనసచెట్టు?”

చేతులు కడుక్కుంది. “అది నా నోటితో సెప్పను బాబూ. ఆ సాయిబులమ్మ గార్ని అడుగు.” తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

నాకు తెలిసిన పనసచెట్టు ఒక్కటే. టౌన్‌షిప్‌లో మా క్వార్టరు వెనకది. క్వార్టర్లు కట్టేటప్పుడు కాంట్రాక్టరు దాన్ని కొట్టేయబోతే నేనే మాట్లాడి ఆపించాను. మీరూ దాని పళ్లు తిన్నారు. ఎండాకాలం మధ్యాహ్నాలు దాని కింద మంచం వేసుకుని అనూరాధ పేపర్లు దిద్దేది. పండిన కాయ ఏదో నేను తట్టి చెప్పేవాణ్ణి. ఆ ఇల్లు వదిలి వచ్చినందుకు నాకు ఇప్పటికీ బాధే. అక్కడినుంచి కాలేజీ దూరమని, బస్సులు పడవని అనూరాధ ఒక్క వేసవిలో పట్టుబట్టి ఇక్కడికి తెచ్చింది. నేను కొన్నాళ్లు ముభావంగా ఉన్నాను. ఆమె ఏమీ అనలేదు.

ఆ చెట్టుకూ సెనేటుకూ సంబంధం ఏమిటి?

దుర్గారావు

*

గుంటూరు
జనవరి 16

అన్నయ్యగారూ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు చించాను. ఖుష్నుమా చూసి, ఖాలా, ప్రేమలేఖా అంది. చెంప మీద ఒకటి వేశాను.

అది పైడయ్య చదివే ఏడు. ఆ ఏడు మొదటిసారి రెండు వైపులా సమానం వచ్చింది. గది అంతా అను వైపు చూసింది. ఆమె లేచి, చరిత్రలో కుర్చీ ఎటు వేసిందో అటే వేసింది. వద్దు అని. కుర్చీలో కూర్చున్నాక ఆనాటి ఓటే వేయాలన్నది ఆమె నియమం. మీరిచ్చిన సుత్తి ఎత్తింది, ఇంకా కొట్టలేదు. కిటికీ దగ్గరనుంచి పైడయ్య అన్నాడు.

“మేడమ్, అది ఆయనేసిన ఓటు. మీదేటి?”

“ఈ కుర్చీలో నాకు సొంత ఓటు లేదు పైడయ్యా.”

“మరైతే ఒకటి అడగతాను, కోప్పడకండి. మీ క్వార్టరెనకాల పనసచెట్టుంది గదా. అది మా అమ్మమ్మ ఏసింది. ప్లాంటుకి ఊరు లేపేసినప్పుడు ఆవిణ్ణి ఎవులూ అడగనేదు. మీరు కాయ కోసేటప్పుడు ఎవుల్నైనా అడిగినారా?”

కొందరు జోకనుకుని నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. నేను వెనక బెంచీలో ఉన్నాను. పాపాయమ్మ అప్పట్లో మీ టౌన్‌షిప్‌లోనే కదా చేపలమ్మేది. మీ పెరట్లో తట్ట దించిన మొదటి రోజే చెట్టును పోల్చుకుందట. ఏళ్ల తరబడి చూస్తూ మాట అనలేదు. కొడుకుతో మాత్రం ఎప్పుడో చెప్పింది.

అను కోప్పడలేదు. ‘అడగలేదు’ అంది. సుత్తి కొట్టకుండానే సభ ముగించింది. స్టాఫ్‌రూములో టీ మీద మీగడ కట్టేదాకా అలాగే కూర్చుంది.

ఆ వేసవి పళ్లు గుర్తున్నాయా? ఒక్కటి కూడా ఇంట్లో కోయనివ్వలేదు. అన్నీ ఆటోలో వేయించి పాపాయమ్మ వాళ్ల కాలనీకి పంపింది. ఊరంతటికీ పంచుతావు, ఇంట్లో మనిషికి తొన ఉంచవు అని మీరు కసిరారట. తర్వాత ఇల్లే మార్చింది. బస్సులు పడకపోవడం వల్ల కాదు. ఆ చెట్టు కింద మంచం వేసుకోవడం ఇక ఆమె వల్ల కాలేదు.

ఆ తర్వాత ఆమె ఓటు వేయాల్సిన అవసరం మళ్లీ రాలేదు. తరగతిలో సరిసంఖ్య ఉన్నప్పుడల్లా నేను ఒక సభ్యురాలిగా కూర్చునేదాన్ని, బేసి అయ్యేలా. ఇద్దరం అనుకుని చేసిన పనే. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: ఒక్కసారే వేసింది. అది కూడా తన ఓటు కాదు.

మీకెందుకు చెప్పలేదంటారా? నేనే అడిగాను. ‘ప్లాంటులో మొదటిసారి ఇనుము కరిగి పారిన రోజు ఆయన ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి నాకు చెప్పారు. ఆయన అంతసేపు మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఇంట్లో నేను ఉండలేను, నిజమే. ఆ సంతోషాన్ని ముట్టుకోలేను, అదీ నిజమే’ అంది. మీ మనసు నొచ్చుకోకూడదనే అన్నయ్యగారూ. మీ మంచి కోసమే ఇద్దరం నోరు మూసుకున్నాం.

సుల్తానా

*

గోపాలపట్నం
జనవరి 23

సుల్తానా గారికి,

ఉత్తరం అందింది.

ప్లాంటు గురించి నాకు సిగ్గు లేదు. ఖాళీ చేయించిన ఊళ్లవాళ్లు కొందరు నా పక్కనే నిలబడి పనిచేశారు. వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకు వెళ్లాను. ఊళ్లు పోయిన సంగతి నాకు తెలుసు. ఆ చెట్టు ఎవరిదో తెలియదు. తెలిస్తే నేను కుప్పకూలేవాణ్ణి కాదు. వెళ్లి పాపాయమ్మను అడిగేవాణ్ణి. ఆ పని నేను చేయగలనని మీ ఇద్దరికీ తోచలేదు.

నా మంచి కోసమే అని రాశారు. నెల రోజులుగా ఆమె పుస్తకాల్లో ఆ మాటే చదువుతున్నాను. ఫిలిప్పీన్స్‌ను ఉంచుకున్నవాళ్లు ప్రతి ఉపన్యాసంలోనూ ఆ మాటే అన్నారు. అక్కడివాళ్లు ఏమంటారో అడిగి చూడాలన్నది చాలామందికి తట్టలేదు. అనూరాధ అలాంటి వాక్యాల కింద పెన్సిల్‌తో గట్టిగా గీసింది. కొన్నిచోట్ల కాగితం చిరిగింది.

నేను ఇంటి గురించి ముభావంగా ఉన్న రోజుల్లో ఆమె ఒక్క మాట చెబితే అయిపోయేది. ఇప్పుడు ఎవరితో మాట్లాడి సరిచేసుకోను?

సెనేటుకు వెళ్లను. పైడయ్యకు చెబుతాను.

దుర్గారావు

*

గుంటూరు
జనవరి 31

అన్నయ్యగారికి,

మీరు రాసింది నిజం. ఇన్నేళ్లు రాజనీతి చెప్పి కూడా ఆ మాట రాసేటప్పుడు నా కలం ఆగలేదు.

సుత్తి నా దగ్గరే ఉంది. ఆస్పత్రిలో అను ఇచ్చింది. ‘ఆయన అడిగితే ఇవ్వు. అడగకపోతే ఉంచుకో’ అంది. మీరు అడిగారు కాబట్టి కొరియర్‌లో పంపుతున్నాను. పిడి దగ్గర చిన్న పగులుంది. ఒకసారి సన్యాసిరాజు అనే కుర్రాడు సభను శాంతపరచబోయి బల్ల మీద కాక కిటికీ చువ్వ మీద కొట్టాడు. అను ఫెవికాల్ రాసి దారం చుట్టింది. ఆ కుర్రాడు ఇప్పుడు ఎక్కడో హెడ్‌మాస్టరు.

వెళ్లమని చెప్పను. మీ మంచి కోసం ఇక నేను ఏమీ చెప్పను.

సుల్తానా

*

గోపాలపట్నం
ఫిబ్రవరి 17

సుల్తానా గారికి,

సుత్తి సరిగ్గా సభ ముందు రోజు అందింది. పిడికి చుట్టిన దారం ఆకుపచ్చది. ఆమె చీరకు ఫాల్ కుట్టగా మిగిలిన ఉండలోది. ఆ ఉండ ఇంకా సూదుల డబ్బాలో ఉంది.

సుత్తి పైడయ్య చేతికిచ్చి వచ్చేద్దామని వెళ్లాను. మద్దిలపాలెంలో బస్సు దిగాక, ఉత్త చేతులతో వెళ్లడం బాగుండదని అరటిపళ్ల అత్తం తీసుకున్నాను. మెట్లెక్కుతుంటే కిందనుంచి హారన్లు. మీరు రాసినట్టే ఉంది.

గదిలో అందరూ లేచి నిలబడ్డారు. పాత విద్యార్థులు కొందరు, ఇప్పటి పిల్లలు. వెనక బెంచీలో పాపాయమ్మ, ఖాళీ తట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని. పైడయ్య కుర్చీ తుడుస్తున్నాడు. నేను రానని చెప్పినా తుడుస్తున్నాడు. కూర్చున్నాను.

చేతులెత్తించారు. శ్రీసత్య అనే అమ్మాయి మాట ఇవ్వాలని చెయ్యెత్తింది కాబట్టి వద్దని మాట్లాడాల్సి వచ్చింది. బాగా మాట్లాడింది. రాబోయే ఇరవై ఏళ్ల సంగతులు కూడా చెప్పవచ్చని అనూరాధ పెట్టిన వెసులుబాటు ఉందట.

“అధ్యక్షా, మనం ఇక్కడ కల్తీ తిండి ఆపే చట్టం తెస్తాం. పిల్లల్ని మిల్లుల్లోంచి తీసి బడికి పంపుతాం. అక్కడా బడులు కడతన్నాం, రోడ్లేస్తన్నాం, కలరా తగ్గిస్తన్నాం. ఇప్పుడే పోతామని మాటిచ్చేస్తే అయ్యన్నీ ఎవులు సేస్తారు?”

“బడి కట్టి, పిల్లోడి నాన్నని కాల్చేస్తే ఆడు బడికెలా వొస్తాడు?” ఎవరో అరిచారు.

సుత్తి కొట్టాను. మొదటిసారి మెల్లగా కొట్టినట్టున్నాను. ఎవరూ వినలేదు. రెండోసారి విన్నారు.

మీ పాతనగరం కుర్రాడు అల్తాఫ్ మాట ఇవ్వాలనే పక్షం మాట్లాడాడు. నిజానికి వద్దనేవాడట.

“1917లో ప్రపంచానికి స్వేచ్ఛ కోసం యుద్ధానికెళ్తన్నాం అన్నారు. ఆ యుద్ధం వొద్దన్నోళ్లని సొంత దేశంలోనే జైల్లో ఏసినారు. బయటోళ్ల నోరు మూయడం అలవాటైపోతే, తరవాత ఇంట్లో నోళ్లు మూస్తారు అధ్యక్షా.”

“గౌరవ సభ్యుడు మా ఇంటికొచ్చి మా అన్నయ్యకి సెప్పాల ఈ ముక్క,” అంది శ్రీసత్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత గమనించాను, నవ్వానని.

అల్తాఫ్ మాట్లాడుతూ మాట్లాడుతూ మారిపోయినట్టున్నాడు. ఓటు సమయానికి కిటికీ వైపు వెళ్లాడు. శ్రీసత్య మాత్రం తలుపు వైపు వెళ్లింది. తన మాటలు తనకే నచ్చాయంది. పైడయ్య లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. సమానం.

గది అంతా నావైపు చూసింది. అనూరాధను ఎలా చూసి ఉంటారో అలాగే అనుకుంటాను. లేచాను.

“సార్, మేడమ్ గారైతే ఆనాటి ఓటే...” అన్నాడు పైడయ్య మెల్లగా.

“తెలుసు పైడయ్యా. సుల్తానా గారు రాశారు. మొత్తం రాశారు.”

అతను తల దించుకున్నాడు. నేనింకా నిలబడే ఉన్నాను. వెనకనుంచి పాపాయమ్మ అంది, “తేల్చీ బాబూ. ఇరవయ్యెనిమిది పోతే మళ్లీ బస్సు నేదు.”

కుర్చీ వదిలి కిటికీ వైపు నడిచాను. “ఇది కుర్చీ ఓటు కాదు, నాది” అన్నాను. సుత్తి బల్ల మీదే ఉండిపోయింది. పైడయ్య వెళ్లి కొట్టాడు. ఆ ఏడు ఆగిపోయిన దెబ్బ అది. దారం ఊడింది, పిడి నిలిచింది.

అందరూ వెళ్లాక వరండాలో పాపాయమ్మ దగ్గర ఆగాను.

“ఆ చెట్టు మీ వాళ్లదని నాకు తెలియదు పాపాయమ్మా.”

“తెలస్తే ఏటి సేసీవోడివి?”

“అడిగేవాణ్ణి.”

తట్ట నెత్తికెత్తుకుంది. “ఎండలు రానీ బాబూ. ముందు కాయ దిగాల గదా.”

గత ఉత్తరంలో నేను రాసిన మాటల్లో తప్పు లేదు. రాసిన తీరు బాగాలేదు. మీకు తప్ప ఆ కోపం చూపించడానికి నాకు వేరే మనిషి లేదు.

దుర్గారావు

*

గుంటూరు
మార్చి 2

అన్నయ్యగారూ,

మీ ఉత్తరం ఖుష్నుమాకిచ్చి పైకి చదవమన్నాను. వినపడదని తెలుసు. ఆ పేర్లు ఎవరి నోటైనా కదులుతుంటే చూడాలనిపించింది. ‘ఇరవయ్యెనిమిది పోతే’ దగ్గర అది ఆగి నవ్వుతుంటే నేనూ నవ్వాను.

కోపం పంపినందుకు షుక్రియా. నన్ను చూసి అందరూ జాలి పడుతున్నారు ఈ మధ్య. కోప్పడేవాళ్లు దొరకడం లేదు.

ఒకటి అడుగుతాను, చెప్పాలనిపిస్తేనే చెప్పండి. ఎండాకాలం ఆ చెట్టు దగ్గరికి వెళ్తారా?

సుల్తానా

*

గోపాలపట్నం
మే 11

సుల్తానా గారికి,

వెళ్లాం. నేనూ, పాపాయమ్మా ఆటోలో, పైడయ్య బండి మీద వెనకగా. ఇప్పుడు ఆ క్వార్టరులో ఒక కొత్త జంట ఉంది. నేను ఫలానా అని చెప్పుకుంటే ఆ అబ్బాయి సార్ సార్ అంటూ కుర్చీ వేశాడు. పాపాయమ్మ కూర్చోలేదు. నేరుగా పెరట్లోకి వెళ్లింది.

చెట్టు ఉంది. నేను అనుకున్నదానికన్నా లావైంది. బట్టల తీగ కోసం మానుకు మేకులు కొట్టి ఉన్నాయి.

“ఏటమ్మా, నీ ఒంట్లో ఎవులైనా సీలలు దిగ్గొడితే ఊరుకుంటావా?” అని ఆ అమ్మాయిని పట్టుకుంది. ఆ అమ్మాయి బెదిరిపోయి, తెలీదు పిన్నీ, మేం రాకముందే ఉన్నాయి అంది.

“మేం రాకముందే ఉన్నాయా. అందరూ అదే సెప్తారు.” అని నావైపు తిరిగి, “పొయ్యి ఇదిగో ఇక్కడుండేది” అంది, నీళ్ల ట్యాంకు పక్కన చూపించి. “మా యమ్మ అంబలి కాసేది. నాను ఆ కొమ్మెక్కి కూకుంటే దిగమని తిట్టీది. ఊరు ఖాళీ సేసిన రోజు సామాన్లన్నీ బండికెత్తినాక, ఓ సెంబుడు నీళ్లు దీనికి పోసి వొచ్చింది.”

సరిగ్గా ఆ పొయ్యి ఉన్నచోటే అనూరాధ మంచం వేసుకునేది. నేను ఆ మాట చెప్పాను. పాపాయమ్మ ఆ నేల చూసింది.

“సల్లగుంటాదక్కడ,” అంది.

ఆ జంటను అడిగి ఒక కాయ కోయించాం. ఏది పండిందో తట్టి చెప్పబోయాను. పాపాయమ్మ నా చెయ్యి పక్కకు నెట్టి తనే తట్టింది. నేను చూపించినది కాదు, వేరేది. పైడయ్య మేకులు పీకుతూ కూర్చున్నాడు.

కాయ వాళ్ల కాలనీ ఇంటికి తీసుకెళ్లాం. గుమ్మంలో గోనెపట్టా పరిచి, కత్తికి నూనె రాసి కోసింది. వాసన వీధి చివరిదాకా వెళ్లింది. పిల్లలు చేరారు. నేను అరుగు మీద కూర్చుని అడిగాను.

“ఒక తొన తీసుకోనా పాపాయమ్మా?”

“ఏటి బాబూ, అన్నేళ్లు తిన్నావు, ఇప్పుడడగతన్నావ్.”

“ఇప్పుడే తెలిసింది.”

ఆమె నవ్వలేదు. పెద్ద తొన ఏరి, గింజ తీసి, నా చేతిలో పెట్టింది. తిన్నాను. అదే రుచి.

తర్వాత ఇంకొకటి తీసి ఆకు మీద పక్కన పెట్టింది. “ఇది మేడమ్ గారిది. ఆ ఏడు అన్నీ మాకే పంపేసింది, ఒక్కటీ నోట్లో ఏసుకోనేదు. పెద్ద పట్టింపు మనిషి. వొద్దు మేడమ్, మీరూ తినండి అని సెప్దామనుకునే లోపు ఇల్లు మారిపోయినారు.”

“ఇప్పుడు అది ఎవరు తినాలి?”

“నువ్వే. ఇంకెవులున్నారు?”

తిన్నాను.

ఇంటికి వచ్చి నేరుగా బల్ల దగ్గర కూర్చుని మీకు రాస్తున్నాను. నూనె రాసుకోలేదు, చేతులు ఇంకా అంటుకుంటున్నాయి. అందుకే కాగితం కింది భాగంలో రెండు మూడు చోట్ల అక్షరాలు చెదిరాయి. అది పనస జిగురు. వేరే ఏమీ కాదు.

దుర్గారావు